పట్టింది కదా అని కొనకండి

హనుమకొండలో మా బావకు ఫొటో స్టూడియో ఉంది. పెళ్లి ఆల్బమ్‌ల డిజైనింగు, ఓణీల ఫంక్షన్ వీడియోలు, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు అన్నీ ఒక్క కంప్యూటర్ మీదే నడుస్తాయి. 2017లో అసెంబుల్ చేయించినది. ఐ5-7400 ప్రాసెసర్, హెచ్110 బోర్డు, 8 జీబీ ర్యామ్, ఒక టీబీ హార్డ్‌డిస్క్. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే, కొద్ది మినహాయింపులు పోగా, ఇంటెల్‌లో 8వ తరం లేదా ఆ పైది ఉండాలి. బావ లెక్క వేసుకున్నాడు. తన ప్రాసెసర్ కూర్చునే సాకెట్ ఎల్‌జీఏ 1151. 8వ తరం ఐ5-8400 కూర్చునేదీ ఎల్‌జీఏ 1151లోనే. బోర్డు అలాగే ఉంచి ప్రాసెసర్ ఒక్కటి మారిస్తే పని అయిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో ఒకటి దొరికింది. పాతది తీశాడు, కొత్తది పెట్టాడు. గాడికి గాడి కలిసింది, లివర్ దిగింది, ఫ్యాన్ తిరిగింది. మానిటర్ మీద మాత్రం ఏమీ రాలేదు.

రాత్రి పదకొండింటికి ఫోన్. "బావా, పట్టింది కదా! మరి డిస్‌ప్లే ఎందుకు రావట్లేదు?"

ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్నకు జవాబే.

బావ తెలిసినంతలో సరిగానే ఆలోచించాడు. సాకెట్ పేరు ఒకటే, కాంటాక్టుల సంఖ్య ఒకటే. అయితే 2017 చివర్లో 8వ తరం తెచ్చినప్పుడు ఇంటెల్ ఆ 1151 కాంటాక్టుల్లో కొన్నింటి పని మార్చేసింది. కరెంటు అందించే దారులు పెంచింది. అప్పటి నుంచి 6, 7 తరాల ప్రాసెసర్లకు 100, 200 సిరీస్ చిప్‌సెట్ల బోర్డులు (బావ హెచ్110 ఈ కోవదే), 8, 9 తరాలకు 300 సిరీస్ బోర్డులు. ఒకదాని ప్రాసెసర్ ఇంకోదాంట్లో కూర్చుంటుంది, లేవదు.

కంప్యూటర్ భాగాల్లో పట్టకపోవడం మనకు మేలు చేసే గుణం. డీడీఆర్4 ర్యామ్‌ను డీడీఆర్5 స్లాట్‌లో పెట్టబోతే లోపలికి దిగదు. రెండింటికీ పిన్నులు 288. అయినా మధ్యలో గాడిని వేర్వేరు చోట్ల పెట్టారు, పొరపాటున కూడా దిగకూడదనే. అలాంటి చోట మనకు పోయేది దుకాణానికి ఇంకో తిరుగుడు. డబ్బు పోయేది, డేటా పోయేది పట్టి కూడా కుదరని చోట. అందుకే భాగం చేతిలోకి తీసుకున్నప్పుడు "ఇది దీంట్లో పడుతుందా" అన్న ప్రశ్న దగ్గర ఆగిపోకండి. "ఈ బోర్డు చేసినవాళ్లు దీన్ని ఒప్పుకున్నారా" అని అడగండి.

ఆ జవాబు ఎవరినో బతిమాలి తెలుసుకోవాల్సింది కాదు. పేరున్న ప్రతి బోర్డు కంపెనీ తన వెబ్‌సైట్‌లో, ఆ మోడల్ పేజీలో, ఆ బోర్డు మీద నడిచే ప్రాసెసర్ల పట్టిక పెడుతుంది. విండోస్ స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే బేస్‌బోర్డ్ ప్రొడక్ట్ అన్న వరసలో మీ బోర్డు మోడల్ కనిపిస్తుంది. సీపీయూ-జెడ్ అన్న ఉచిత ప్రోగ్రామ్ ఇంకా వివరంగా చెబుతుంది. మోడల్ పేరు చివర ఉన్న ఒక్క అక్షరం కూడా వదలకుండా రాసుకోండి. ఎల్‌జీఏ 1700 బోర్డుల్లో ఒకే పేరుతో డీడీఆర్4 రకమూ, డీడీఆర్5 రకమూ ఉన్నాయి, తేడా ఆ చివరి తోకలోనే ఉంటుంది. పట్టికలో ప్రాసెసర్ పేరు పక్కన బయోస్ (బోర్డులోనే ఉండి దాన్ని నడిపించే ప్రోగ్రామ్) వెర్షన్ అని ఇంకో గడి ఉంటుంది. చాలామంది దాన్ని చూడరు. ఫలానా వెర్షన్ నుంచి మాత్రమే ఈ ప్రాసెసర్ నడుస్తుందని ఆ గడి చెబుతుంది. బోర్డు దుకాణంలో ఏడాదిగా పడి ఉన్న స్టాకయితే అందులో పాత బయోసే ఉండవచ్చు. ఏఎండీ ఏఎం4 బోర్డుల్లో ఇది తరచూ ఎదురయ్యే సంగతి. 2017లో మొదటి రైజెన్ కూర్చున్న సాకెట్ అది, 5000 సిరీస్ వరకూ అదే నడిచింది. బీ450 బోర్డులో రైజెన్ 5 5600 పెట్టాలంటే బయోస్ కొత్తదై ఉండాలి. కొన్ని బోర్డులకు వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటుంది, ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేయవచ్చు. అది లేని బోర్డు కొంటుంటే, బిల్లు వేయకముందే బయోస్ అప్‌డేట్ చేసి ఇమ్మని అడగండి. కౌంటర్ దగ్గర అరగంట పని. ఇంటికి వచ్చాక అయితే దాన్ని అప్‌డేట్ చేయడానికి ఇంకో పాత ప్రాసెసర్ వెతుక్కోవాలి.

బావ కంప్యూటర్‌కు తిరిగి వద్దాం. ఆదివారం వెళ్లి క్యాబినెట్ పక్క పలక తీశాను. ముందు అడిగింది, "నీ పని ఎక్కడ ఆగుతోంది?" అని. ఫొటోషాప్‌లో పెద్ద ఆల్బమ్ షీటు తెరిస్తే కదలదు, కొత్త సోనీ కెమెరాతో తీసిన వీడియో టైమ్‌లైన్ మీద ముక్కలుముక్కలుగా ఆడుతుంది. మొదటిది ర్యామ్, ఎస్ఎస్‌డీ లేని బాధ. రెండోది వేరే. ఆ కెమెరా 10 బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీ అన్న వీడియో ఫార్మాట్‌లో రికార్డు చేస్తుంది. దాన్ని హార్డ్‌వేర్‌తో విప్పే శక్తి ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలోని సొంత గ్రాఫిక్స్‌కు 11వ తరం నుంచి ఉంది. ఎన్విడియా కార్డుల్లో అది 50 సిరీస్ దాకా రాలేదు. అంటే ఈ పనికి ఖరీదైన పాత గ్రాఫిక్స్ కార్డు కన్నా మామూలు ఐ5-12400 ఎక్కువ ఉపయోగం. ఇక్కడొక అక్షరం జాగ్రత్త. 12400ఎఫ్ అని ఇంకోటి కాస్త తక్కువకు దొరుకుతుంది. ఎఫ్ అని ఉంటే గ్రాఫిక్స్ లేదని అర్థం. కార్డు లేకుండా అది పెడితే అసలు డిస్‌ప్లేనే రాదు, 50 సిరీస్‌కు ముందటి ఎన్విడియా కార్డు పెట్టినా బావకు కావాల్సిన ఆ వీడియో శక్తి ఉండదు. ఏఎండీలోనూ ఇలాంటి అక్షరమే ఉంది. రైజెన్ 5 5600కు సొంత గ్రాఫిక్స్ లేదు, 5600జీకి ఉంది.

ఐ5-12400 అనుకున్నాక సాకెట్ ఎల్‌జీఏ 1700 అయింది. బోర్డు హెచ్610 లేదా బీ760. ఇక ర్యామ్. బావ దగ్గరున్న 8 జీబీ స్టిక్ డీడీఆర్4, 2400 వేగం. డీడీఆర్4 బోర్డు తీసుకుంటే దాన్ని వాడుకోవచ్చు. కొత్త 3200 స్టిక్ పక్కన దాన్ని పెడితే మాత్రం రెండూ 2400 దగ్గరే నడుస్తాయి, నెమ్మదిదాన్ని బట్టి వేగందీ నడవాలి కదా. కొన్నిసార్లు వేర్వేరు స్టిక్కులు కలిసి స్థిరంగా నిలబడవు కూడా. సీజన్‌లో అర్ధరాత్రి ఆల్బమ్ సేవ్ అవుతుండగా మిషను ఆగిపోతే ఆ కోపం ఎవరి మీద చూపించాలి? పాత స్టిక్ అమ్మేసి, ఒకే ప్యాక్‌లో వచ్చే 16 జీబీ స్టిక్కులు రెండు తీసుకోమన్నాను. రెండు స్టిక్కులుంటే డ్యూయల్ ఛానల్ నడుస్తుంది. సొంత గ్రాఫిక్స్ మీద ఆధారపడే కంప్యూటర్‌కు ఆ తేడా బాగా తెలుస్తుంది. హెచ్610 బోర్డులో ఉండేవి రెండే స్లాట్లు కాబట్టి గందరగోళం లేదు. నాలుగున్న బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ నుంచి రెండోది, నాలుగోది వాడాలి. మాన్యువల్‌లో బొమ్మ వేసి ఉంటుంది. ప్యాకెట్ మీద 3200 అని ఉన్నంత మాత్రాన ఆ వేగంతోనే నడుస్తుందనుకోకండి. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అన్న సెట్టింగు ఆన్ చేయాల్సి రావచ్చు.

ఇప్పుడు కొత్తగా అంతా కొనేవాళ్లకు నా సలహా కొంచెం వేరు. ఏఎండీ ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది, అందులో డీడీఆర్5 తప్ప ఇంకోటి పట్టదు. 2024లో వచ్చిన ఇంటెల్ కోర్ అల్ట్రా 200 సిరీస్ ఎల్‌జీఏ 1851 కూడా అంతే. నాలుగేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవాలన్న ఆశ ఉంటే ఏఎం5 వైపు చూడండి. ఆ సాకెట్‌ను 2027 వరకైనా కొనసాగిస్తామని ఏఎండీ బహిరంగంగా చెప్పింది. చేతిలో మంచి డీడీఆర్4 ర్యామ్, తక్కువ బడ్జెట్ ఉంటే ఏఎం4, ఎల్‌జీఏ 1700 ఇప్పటికీ సిగ్గుపడాల్సిన ఎంపికలు కావు.

క్యాబినెట్ గురించి పెద్దగా చెప్పేది లేదు. ఏటీఎక్స్ బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 వెడల్పు. మైక్రో ఏటీఎక్స్ గరిష్ఠం 244కు 244. పెద్ద క్యాబినెట్‌లో చిన్న బోర్డు పడుతుంది, చిన్నదాంట్లో పెద్దది పట్టదు. గ్రాఫిక్స్ కార్డు పొడవు, కూలర్ ఎత్తు క్యాబినెట్ పేజీలో మిల్లీమీటర్లలో ఇస్తారు, టేపు పెట్టి చూసుకోండి. పాత కూలర్‌ను కొత్త బోర్డుకు బిగిద్దామనుకుంటే ఒక్కటి తెలియాలి. ఎల్‌జీఏ 1151, 1200 బోర్డుల్లో రంధ్రాల దూరం 75 మిల్లీమీటర్లు, 1700లో 78. మూడు మిల్లీమీటర్లే కదా అని వంచి బిగించినవాళ్లను చూశాను. వేడి ప్రాసెసర్ దగ్గరే నిలిచిపోయింది. మెరిసే లైట్లకు, గాజు పలకలకు పెట్టే డబ్బును నేను ఎప్పుడూ అన్ని భాగాలకూ కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ వైపు మళ్లించమంటాను.

ఎస్ఎంపీఎస్ దగ్గర మాత్రం నిలబడదాం. మన ఊళ్లలో కంప్యూటర్ కొనేవాళ్లు అన్నిటికన్నా తక్కువ ఖర్చు పెట్టేది దీని మీదే. అది చెడితే మిగతా అన్నింటినీ వెంట తీసుకుపోగలదు. బావ మిషనులో ఉన్నదాని మీద పెద్ద అంకెల్లో 450 అని ఉంది. పక్కనున్న చిన్న పట్టికను చదివాను. 12 వోల్టుల కింద 16 ఆంపియర్లు. గుణించండి: 12 ఇంటు 16, 192 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు దాదాపు మొత్తం కరెంటును 12 వోల్టుల దారి నుంచే తీసుకుంటాయి. కాబట్టి మనకు అక్కరకొచ్చేది ఆ 192 మాత్రమే. పెద్ద అంకె అట్ట మీద అలంకారం. మంచి 550 వాట్ల ఎస్ఎంపీఎస్ మీద అదే గడిలో 45 ఆంపియర్ల చుట్టుపక్కల ఉంటుంది.

ఎన్ని వాట్లు కావాలో కూడికతోనే తేలుతుంది. ఐ5-12400 గట్టిగా పనిచేస్తున్నప్పుడు గరిష్ఠంగా 117 వాట్లు అని ఇంటెల్ చెబుతుంది. రేపు బావ ఆర్‌టీఎక్స్ 4060 లాంటి కార్డు పెడితే దానికి 115. బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు కలిపి ఇంకో 60 వేసుకోండి. 300 లోపే. అయినా ఆ కార్డుకు 550 వాట్ల ఎస్ఎంపీఎస్ పెట్టమని ఎన్విడియా చెబుతుంది. క్షణకాలం పెరిగే లోడుకు, వేసవి వేడికి, ఏళ్లు గడిచే కొద్దీ తగ్గే సత్తువకు ఆ జాగా కావాలి. 80 ప్లస్ గుర్తు చూడండి. అయితే అది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెబుతుంది, భద్రతకు హామీ కాదు. తెలిసిన కంపెనీ, ఐదేళ్లు లేదా ఎక్కువ వారంటీ, ఇవి రెండూ ఉంటే నేను ధైర్యంగా కొంటాను. యూపీఎస్‌నూ ఈ లెక్కలోకి తీసుకోండి. ఇళ్లలో ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లు. గ్రాఫిక్స్ కార్డు ఉన్న మిషనుకు 1000 వీఏ తీసుకుంటే మేలు.

కేబుళ్లలోనే పట్టి కుదరనివి ఎక్కువ. ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే 8 పిన్ కేబుల్, గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చే 8 పిన్ కేబుల్ చూడటానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. ఒకదాంట్లో 12 వోల్టులు, గ్రౌండ్ ఉండే వరసలు రెండోదాంట్లో తారుమారు. ప్రాసెసర్‌ది నాలుగూ నాలుగుగా విడిపోతుంది, కార్డుది ఆరూ రెండుగా. బలవంతం చేయాల్సి వచ్చిందంటే తప్పు కేబుల్ పట్టుకున్నారనే అర్థం, వదిలేయండి.

మాడ్యులర్ ఎస్ఎంపీఎస్ కేబుళ్ల సంగతి నాకు అనుభవం మీద తెలిసింది. కొన్నేళ్ల కిందట మా ఇంటి కంప్యూటర్‌లో ఎస్ఎంపీఎస్ మార్చాను. పాత కేబుళ్లు క్యాబినెట్ వెనక చక్కగా సర్ది, టై చేసి ఉన్నాయి. వాటినే కొత్తదాని వెనక గుచ్చాను. సరిగ్గా పట్టాయి. స్విచ్ వేసిన రెండు క్షణాల్లో కాలిన వాసన. హార్డ్‌డిస్క్ వైపు ఉండే కనెక్టర్‌కు ప్రపంచమంతా ఒకటే ప్రమాణం ఉంది. ఎస్ఎంపీఎస్ వైపు ఉండేదానికి లేదు, ఏ పిన్నులో ఏ వోల్టు అన్నది కంపెనీ ఇష్టం, ఒకే కంపెనీలో మోడల్ ఇష్టం. 5 వోల్టులు వెళ్లాల్సిన తీగలో 12 వోల్టులు వెళ్లాయి. రెండు డిస్కులు పోయాయి. మా అమ్మాయి మొదటి మూడేళ్ల ఫొటోలు ఒకదాంట్లో ఉండేవి. కొన్ని చుట్టాల ఫోన్లలోంచి తిరిగి సంపాదించాం, మిగతావి లేవు. ఎస్ఎంపీఎస్ మారిస్తే దానితో వచ్చిన కేబుళ్లే వాడండి. ఎంత విసుగైనా పాతవన్నీ లాగేయండి. ఏ భాగం మార్చే ముందైనా డేటాను బయటి డిస్కులోకి కాపీ చేసి, ఆ డిస్కును పక్క గదిలో పెట్టండి.

ఎస్ఎస్‌డీల్లోనూ ఈ తిరకాసు ఉంది. ఎం.2 అన్నది ఆకారం పేరు మాత్రమే, లోపలి భాష పేరు కాదు. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. అదే ఆకారంలో సాటా ఎస్ఎస్‌డీ ఉంది, ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ ఉంది. కొన్ని బోర్డుల ఎం.2 స్లాట్ ఒక్క భాషే మాట్లాడుతుంది. స్క్రూ బిగుస్తుంది, విండోస్‌లో డిస్క్ కనపడదు. ఇంకొన్ని బోర్డుల్లో ఎం.2 వాడితే ఒకటో రెండో సాటా పోర్టులు ఆగిపోతాయి. నిన్నటిదాకా పనిచేసిన హార్డ్‌డిస్క్ మాయమైందని భయపడేవాళ్లలో చాలామందికి జరిగింది ఇదే. రెండు సంగతులూ బోర్డు మాన్యువల్‌లో స్టోరేజ్ పేజీలో ఉంటాయి.

బావ పాత విండోస్‌ను అలాగే కొత్త బోర్డు మీదకు తెద్దామనుకున్నాడు. అది పాత ఎంబీఆర్ పద్ధతిలో ఎక్కించింది, కొత్త బోర్డులకు యూఈఎఫ్ఐ పద్ధతి కావాలి. కొత్త ఎస్ఎస్‌డీ మీద విండోస్ 11 తాజాగా వేశాం, పాత హార్డ్‌డిస్క్ ఆర్కైవ్‌గా మిగిలింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అన్న భద్రతా ఏర్పాటు ఈ తరాల్లో ఫర్మ్‌వేర్ రూపంలోనే ఉంటుంది. బయోస్‌లో ఇంటెల్ వాళ్లు దాన్ని పీటీటీ అంటారు, ఏఎండీ వాళ్లు ఎఫ్‌టీపీఎం. ఆపేసి ఉంటే ఆన్ చేస్తే చాలు. విండోస్ లైసెన్స్ బోర్డుతో ముడిపడి ఉంటుంది కాబట్టి బోర్డు మార్చే ముందే దాన్ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు కలిపి పెట్టుకోండి. అయినా కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్స్ కొత్త బోర్డుకు బదిలీ కాదు.

ఆఫీసుల నుంచి తీసేసిన బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లు ఇప్పుడు బాగా చవగ్గా వస్తున్నాయి. పిల్లల చదువుకు, టైపింగుకు మంచివే. ఒక కార్డు పడేస్తే గేమింగ్ మిషను అయిపోతుందని ఎవరైనా చెబితే మాత్రం ఆగండి. వాటిలో చాలావాటి ఎస్ఎంపీఎస్ ఆకారం వేరు, బోర్డుకు వెళ్లే కనెక్టర్ వేరు, వాట్లు 200 చుట్టుపక్కల. సన్నటి క్యాబినెట్లలో సగం ఎత్తు కార్డులే పడతాయి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ సొంతంగా ఇవ్వగలిగేది 75 వాట్లు, కొన్ని బోర్డులు అంత కూడా ఇవ్వవు. విడి కరెంటు కనెక్టర్ అక్కర్లేని కార్డు దొరికితేనే ఆ ఆలోచన చేయండి. మానిటర్ పాత వీజీఏదయితే కొత్త గ్రాఫిక్స్ కార్డుల్లో ఆ పోర్టు లేదు, హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే కన్వర్టర్ కూడా జాబితాలో రాయండి. కార్డు పెట్టాక కేబుల్‌ను బోర్డుకు కాదు, కార్డుకే గుచ్చాలి. కొత్త కార్డు పనిచేయట్లేదని నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం దీని గురించే.

కొనే రోజు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల అన్నీ ఒకే కప్పు కింద దొరుకుతాయి, ధర అడిగి పోల్చుకునే వీలుంటుంది. జాబితా లేకుండా వెళ్తే మాత్రం మీ అవసరం కాకుండా వాళ్ల స్టాక్ ఇంటికొస్తుంది. అడిగింది లేదు, అలాంటిదే ఇంకోటి ఉందంటే ఆ మోడల్ నంబరు రాసుకుని బయటికి వచ్చి, ఫోన్‌లో కంపెనీ పట్టిక తెరిచి చూసి, అప్పుడు లోపలికి వెళ్లండి. బోర్డు బాక్సు దుకాణంలోనే తెరిపించి సాకెట్ మూత తీయించండి. పిన్నులు వరసగా ఉన్నట్లు ఫొటో తీసుకోండి. వంగిన పిన్నుకు వారంటీ ఇవ్వరు, ఎవరు వంచారన్నది తర్వాత తేలదు. అన్నీ క్యాబినెట్‌లో బిగించకముందే బల్ల మీద బోర్డు, ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్ స్టిక్‌తో డిస్‌ప్లే తెప్పించండి. ప్రతి భాగం సీరియల్ నంబరుతో జీఎస్టీ బిల్లు అడగండి. మూడేళ్ల తర్వాత వారంటీకి వెళ్లినప్పుడు మీ తరఫున మాట్లాడేది అదే.

బావ కొన్న ఐ5-8400ను అమ్మినతను తిరిగి తీసుకోలేదు. దానికి సరిపడే 300 సిరీస్ బోర్డు సెకండ్ హ్యాండ్‌లో వెతికి స్టూడియో కౌంటర్‌కు రెండో మిషను చేశాం. ఆ 8 జీబీ డీడీఆర్4 స్టిక్, అమ్ముదామనుకున్నదే, అందులో పట్టింది, పనిచేసింది కూడా. పట్టిక చూశాకే బోర్డు కొన్నాం.

మీరు ఏదైనా కొనబోతుంటే ఇవాళే సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరవండి, క్యాబినెట్ పక్క పలక తీయండి. బోర్డు మోడల్, బయోస్ వెర్షన్, ర్యామ్ రకం, ఎస్ఎంపీఎస్ మీద 12 వోల్టుల గడిలోని ఆంపియర్లు, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం జేబులో లేకుండా దుకాణం మెట్లెక్కకండి.